మాచర్లలో టాంగో, టాంగా

టాంగో సంగీతం మీద ఉపన్యాసం ఇమ్మని మాచర్ల నుంచి పిలుపు వస్తే, అక్కడ ఎవరు వింటారన్న అనుమానం నాకు రానే లేదు. గుంటూరులో ఎలాగూ ఎవరూ వినరు గనక ఎక్కడో ఒకచోట వినాలి కదా అనుకున్నాను. టాంగో పుట్టిన అర్జెంటీనా మొహం నేను ఎన్నడూ చూడలేదు. అయినా పాత టాంగో ఎలా ఉండాలో నాకు తెలిసినంతగా ఆ దేశం వాళ్ళకు కూడా తెలియదని ఇరవై ఏళ్ళుగా నా నమ్మకం. వయొలిన్, పియానో, మన హార్మోనియానికి దూరపు చుట్టమైన బాండోనియన్ అనే తిత్తిపెట్టె ఉంటే చాలు. డ్రమ్ము దూరిందంటే అది టాంగో కాదు.

ఈ మాట మా అమ్మాయి శిరీషకూ చెప్పాను. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికితే లాప్‌టాప్ మీద కొత్తరకం టాంగో కడుతుంది. మూడు నెలల కిందట ఒకటి పంపి, "ఒక్కసారి విని చెప్పు నాన్నా" అంది. నేను వినలేదు. అప్పటినుంచి ఫోనులో మా ఇద్దరి మాటలు "తిన్నావా", "తిన్నాను" దగ్గరే ఆగిపోతున్నాయి.

ఆదివారం ఉదయం ఆరున్నరకు గుంటూరులో బస్సెక్కాను. ఎనిమిదికి నరసరావుపేట చేరాం. బస్టాండు ఎదుట ఇడ్లీ వేడిగా ఉంది, కారప్పొడి అంతకంటే వేడిగా ఉంది. నా దారిన వచ్చేవారు నీళ్ళసీసా ముందే కొనుక్కోవడం మంచిది. ఎనిమిదిన్నరకు కారంపూడి మీదుగా మాచర్ల వెళ్ళే బస్సు దొరికింది. పొద్దుట పూట ఎడమవైపు కూర్చోకండి, ఎండ వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది.

పక్క వరస సీటులో మిరపకాయల సంచీతో ఒకావిడ కూర్చుంది. ఆధార్ కార్డు చూపించి ఉచిత టికెట్టు తీసుకుని, డబ్బిచ్చి కొనుక్కున్న నా వంక కాస్త జాలిగా చూసింది. నా ఇయర్‌ఫోన్స్ లోంచి పాత టాంగో బయటికి వినపడుతున్నట్టుంది.

"ఏంది బాబాయ్ అది, ఏడుస్తంది? ఎవురన్నా పోయినారా?"

"లేదమ్మా. దానికి డాన్సు చేస్తారు."

"ఆ పాటకా?" అంది. కారంపూడిలో దిగేదాకా ఆ జాలి తగ్గలేదు.

పదకొండుకు మాచర్లలో దిగాను. నన్ను పిలిచిన కోటేశ్వరరావు గారిది విత్తనాల కొట్టు. ఊళ్ళో సంగీతాభిమానుల సంఘానికి ఆయనే కార్యదర్శి. హాలు ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. దాని మీద 'టాంగా సంగీతం: ఉపన్యాసం, సన్మానం' అని ఉంది.

"మేం టాంగో అనే రాసిచ్చామండీ. ఫ్లెక్సీ షాపాయన తప్పనుకొని దిద్దాడు. దిద్దినాక మాకూ అదే బాగుందనిపించింది" అన్నారాయన. అందుకని ఊళ్ళో ఆఖరి టాంగా, అదే గుర్రబ్బండి, తోలిన మస్తాన్ గారిని కూడా పిలిచి, వేదిక మీద నా పక్కనే కుర్చీ వేశారు.

పాత టాంగో వినిపించాను. జనం వంటల వాసన వచ్చే వైపు చూస్తున్నారు. మస్తాన్ గారొక్కరే కళ్ళు మూసుకుని కుర్చీ చేతి మీద వేళ్ళతో తాళం వేస్తున్నారు. నాకు గర్వంగా అనిపించింది. ఇక టాంగో ఎలా పాడైపోయిందో చూపించాలి. చెడ్డ సంగీతాన్ని ఫోనులో ఉంచుకునే అలవాటు నాకు లేదు. ఉన్నది ఒక్కటే, శిరీష పంపింది. వినకపోయినా చెడ్డదని తెలుసు గనక అదే పెట్టాను. డ్రమ్ము మొదలవగానే మైకు అందుకుని, అది ఎందుకు టాంగో కాదో పాట అయిపోయేదాకా వివరించాను. మస్తాన్ గారి వేళ్ళు మాత్రం ఆగలేదు.

తరవాత మైకు ఆయనకిచ్చారు.

"మొదటిదాంట్లో డోలు లేదన్నాడు ఈ సారు. లేకపోతే ఏంది, గుర్రం అడుగు లోపల పడతానే ఉంది. రెండోదాంట్లో అదే అడుగు పైకి ఇనపడతంది. నాకైతే రెండూ చానా బాగున్నయ్."

ఆ రోజు చప్పట్లన్నీ ఆయనకే పడ్డాయి.

ఒంటిగంటకు భోజనాల్లో ఆయన పక్కనే కూర్చున్నాను. నా ఉడుకుమోత్తనం ఆగక, "ఆటోలు వచ్చి మీ బండిని తినేస్తే మీకు బాధ లేదా?" అని అడిగాను.

"లేకేం. మా వాడు ఆటో కొంటే మూడేళ్ళు ఎక్కలా. ఎండలో వాడి ముందే నడుచుకుంటా పోయేవోణ్ణి."

"మరి ఎప్పుడు ఎక్కారు?"

"ఎక్కు నాన్నా అని అడగటం వాడు మానేశాడు. అప్పుడెక్కా."

ఇంకో వడ్డన పులిహోర వద్దన్నాను.

మూడింటికి తిరుగు బస్సు. ఈసారి కిటికీ పక్కన కూర్చుని శిరీష పాట పెట్టుకున్నాను. సభలో దాని మీద నేనే మాట్లాడుతూ ఉన్నాను గనక, నిజంగా వినడం ఇదే మొదటిసారి. డ్రమ్ము నాకు ఇప్పటికీ ఎక్కువే అనిపించింది. కానీ కారంపూడి వచ్చేసరికి నాలుగోసారి వింటున్నాను, నా వేళ్ళు ముందు సీటు కడ్డీ మీద ఉన్నాయి. మూడు నెలలు ఎందుకు బిగుసుకుని కూర్చున్నానా అని సిగ్గేసింది.

మాచర్ల ప్రయాణం గురించి చెప్పాలంటే రోడ్డు ఫరవాలేదు, పులిహోర బాగుంటుంది. టాంగో తెలిసినవాళ్ళు ఊళ్ళో ఒక్కరున్నారు, అది నేను కాదు.

నరసరావుపేట దాటాక శిరీషకు మెసేజ్ పెట్టాను. మొదట రెండు పేరాల సలహాలు రాసి, చెరిపేసి, "విన్నాను. బాగుంది" అని మాత్రం పంపాను. నిమిషంలో జవాబు వచ్చింది: "మీరెవరండీ? నాన్న ఫోను మీకెక్కడ దొరికింది?"

"నేనే" అని రాసేలోగా ఫోను మోగింది. ఈసారి తిన్నావా అని అడగలేదు.