బొట్టున్న వైపు పైకి

ఉగాది వెళ్ళిన కొద్దిరోజులకే మా మరదలు కన్నుమూసింది. జ్వరమే కదా అనుకున్నాము. మందు తెచ్చేలోపే చేయి దాటిపోయింది. ఆమెను ఎరగని వాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ఆమె మా తమ్ముడి భార్య. మా ఆయన పోయిన తర్వాత నేను మార్కాపురంలో వాళ్ళ ఇంట్లోనే ఉంటున్నాను. పొద్దున నేను పూజకు కూర్చుంటే గిన్నె చప్పుడు కూడా రానిచ్చేది కాదు. లేచి రాగానే మాత్రం అడిగేది.

"ఏమంటాడు వదినా దేముడు? ఈ పొద్దన్నా ఎండ తగ్గిస్తాడంటనా?"

మా వీధికి వేసవి సాయంకాలాలు ఆమె వల్లే వచ్చాయి. తెలుగువాళ్ళకు కొత్త రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఎండాకాలం, బడులకు సెలవులు ఇచ్చాక, వీధి మధ్య నీళ్ళు చల్లించి చాపలు పరిపించింది. ఒకనాడు భజన, ఒకనాడు హరికథ, ఒకనాడు ఆడపిల్లల కోలాటం. బడిపిల్లల రాతిపలకలు కోసే పనికి పోయిన మగవాళ్ళు ఒంటి మీది రాతిదుమ్ము కడుక్కుని వచ్చి కూర్చునేవారు. పగలంతా బాటసారులకు చలివేంద్రం.

ఆ ఏడు కోలాటం సగంలో ఆగింది. ఆడుతున్న పిల్ల ఒకతె కాలు పట్టుకుని కూలబడింది. నారికురుపు. మా వైపు వాళ్ళకు చెప్పనక్కరలేదు, తెలియని వాళ్ళకు చెబుతున్నాను. దిగుడుబావి నీళ్ళలో కంటికి ఆనని పురుగుతో అది ఒంట్లోకి పోతుంది. ఈ ఏడు తాగితే పై ఏడు కాలిలోంచి దారంలా బయటికి వస్తుంది. పుల్లకు చుట్టి రోజుకు కొంచెం లాగాలి. తెగిందా, నెలల తరబడి మంచమే.

"పుణ్యమని మనం పోసే నీళ్ళు గూడా ఆ బావివే గదా వదినా," అంది మరదలు.

తర్వాతి వారం హరికథకు బదులు సైన్సు పెట్టింది. హైస్కూలు అయ్యవారు సూక్ష్మదర్శిని తెచ్చి, మా చలివేంద్రం కుండలోని చుక్కనే దాని కింద పెట్టి అందరినీ చూడమన్నారు. ఎదురింటి అవ్వ పెట్టిన కన్ను తీయలేదు.

"ఏందయ్యవారూ ఇది, ఈదులాడుతా ఉంది!"

"అదేనవ్వా, నారికురుపును మోసుకొచ్చేది."

"ఇన్నేండ్లూ నేను తాగింది దీన్నేనా? మాంసం ముట్టనిదాన్ని గదయ్యా నేను!"

వీధి వీధంతా నవ్వింది. నవ్వినా, మర్నాటి నుంచి ప్రతి కుండ మూతికీ మడత గుడ్డ వచ్చింది. వడకట్టనిదే ఎవరూ గుక్కెడు తాగలేదు. చలివేంద్రంలోనూ అంతే.

అయినా ఏడాది తిరిగేసరికి మళ్ళీ కొన్ని ఇళ్ళలో కురుపులు లేచాయి.

"మాటలు చెప్పింది నువ్వు, చీరలు చింపుకున్నది మేము," అంది అవ్వ నలుగురిలో. "ఇంక హరికథలే చెప్పించు తల్లీ. సైన్సు వద్దు."

మరదలు ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు.

"చలివేంద్రం ఎత్తేద్దామా వదినా? దప్పికైనోనికి నీళ్ళు లేవని ఎట్ల చెప్పేది? పోస్తే ఏం పోస్తున్నామో తెలీదాయె."

"కొంచెం ఆగమ్మాయీ," అన్నాను.

ఆమె ఆగలేదు. తెల్లవారి నీళ్ళవేళ సాయం పట్టే నెపంతో ఒక్కో ఇంటికే పోయి చూస్తూ కూర్చుంది. అవ్వ కుండ మీది తడిగుడ్డ తీసి, తిరగేసి కట్టింది.

"అదేందవ్వా, తిరగేస్తివి?"

"నిన్న ఆ పక్క వాడితిని గదమ్మే. ఒక పక్కే వాడితే మాసిపోదూ? దుప్పటి తిరగేసి పరచుకోమా?"

నిన్న గుడ్డ మీద ఆగిన పురుగంతా ఇవాళ్టి నీళ్ళతో కుండలోకి దిగుతోంది. ఇంటింటా అదే పద్ధతి. శుభ్రమనుకునే చేశారు పాపం.

మరదలు ఎవరినీ తప్పుపట్టలేదు. ఆ సాయంత్రం ఆడవాళ్ళందరినీ గుడ్డలతో రమ్మని, ఒక పక్క ఎర్రదారంతో గుండ్రంగా బొట్టు కుట్టించింది.

"ఇది ముఖం. బొట్టున్న వైపు పైకి. ముఖాన్ని ఎవరమన్నా బోర్లా పండబెడతామా?"

ఇంకేమీ వివరించలేదు. వివరించవలసిన అవసరమూ రాలేదు.

అవ్వ మాత్రం తన గుడ్డ వెనక్కి లాక్కుంది. చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి.

"నా ఇంట్లో బొట్టెందుకే? ఎవరు చూడాల?"

"నీకు కాదులే అవ్వా, కుండకు. దాని మొగుడు బావిలో నిక్షేపంగా ఉండాడు."

"నీ నోరు పడ!" అని నవ్వుతూనే గుడ్డ ఇచ్చింది అవ్వ. ఆమె వెనకే నేనూ నాది ఇచ్చాను. నా గుడ్డకు మరదలే కుట్టింది, అందరి బొట్ల కంటే కొంచెం పెద్దదిగా.

పై ఏడు కురుపులు బాగా తగ్గాయి. ఆ పై ఏడు మా వీధిలో ఒక్క కాలికీ రాలేదు.

ఈ వేసవి చలివేంద్రం పెట్టే వేళకు ఆమె లేదు. మైల పట్టిన ఇల్లు కదా, నీళ్ళు పోయకూడదని నేనూ తమ్ముడూ పందిరి జోలికి పోలేదు. ఒక పొద్దున అవ్వ కర్ర ఊతంతో వచ్చి వాకిట్లో నిలబడింది.

"మైల మీకు. దోర్నాల దోవన పోయేటోళ్ళ దప్పిక ఆగుతాదా? మీరు కూర్చోండి, మేం పోస్తాం."

ఇంటికొక కుండ వచ్చింది. ఏ కుండా వడకట్టని నీళ్ళతో రాలేదు. నేను గడప లోపల కూర్చుని చూస్తున్నాను. శ్రీశైలం నడిచిపోయే పెద్దాయన ఒకరు ఆగి దోసిలి పట్టారు. అవ్వ పోస్తుంటే గుక్క తిప్పుకోకుండా తాగి, మిగిలిన తడి కళ్ళకు అద్దుకున్నారు.

"చల్లగుండండి తల్లీ."

ఈ నీళ్ళు ఎవరివని ఆయన అడగలేదు. మేమూ చెప్పలేదు. ఎండలో రోడ్డు పట్టి పోయారు. ఆయన చేతుల నుంచి రాలిన చుక్కలు దుమ్ములో కొంతదూరం కనబడి, ఆరిపోయాయి.