సింహాచలం బావ పెట్టిన వేడి నీళ్ళు

నిన్న పొద్దున్న లలిత ఫోన్ చేసింది. "అంకుల్, నాన్న లేవట్లేదు."

లేవకపోతే మొహం మీద నీళ్ళు కొట్టమ్మా అన్నాను. మా సింహాచలం బావ నిద్ర అలాంటిది.

అవతల ఏడుపు వినబడింది.

అప్పుడు అర్థమైంది నాకు.

వాళ్ళ బ్లాకుకీ మా బ్లాకుకీ మధ్య ఒక్క కార్‌పార్క్ అడ్డం. సింగపూర్‌లో ఈ బిషాన్ పేటకి వచ్చినప్పటి నుంచీ రోజూ దాటేదే. నిన్న ఎలా దాటానో తెలియదు. వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాను. ఐసులా ఉంది. రుద్దాను. ఎంత రుద్దినా అంతే.

ఇలా పోస్టులు రాయడం నాకు రాదు. మలేషియా ఎస్టేట్‌లో మా అమ్మ నేల మీద దిద్దించిన అక్షరాలే నా చదువు. తప్పులుంటే సర్దుకోండి. సర్దుకోలేకపోతే చదవకండి. వాడి గురించి నేను రాయకపోతే ఇంకెవడు రాస్తాడు?

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. సింహాచలం నాకు చుట్టం కాదు. ఒకే ఎస్టేట్‌లో పుట్టాం, ఒకే బస్సులో సింగపూర్ వచ్చాం. నేను షిప్‌యార్డ్‌లో వైర్‌మన్. వాడు తంజోంగ్ పగార్ పోర్టులో క్రేన్ ఆపరేటర్. బావా బావా అనుకుంటూనే ముసలాళ్ళమైపోయాం. అందుకే వాడి భార్య పార్వతి నాకు చెల్లి. లలిత వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఉండేది పుంగ్గోల్‌లో, మొన్న రాత్రి అమ్మానాన్నల దగ్గరే పడుకుంది.

పోయిన ఏడాది చెల్లి జారి పడింది. తుంటి విరిగింది. అప్పటి నుంచి వాకర్ పట్టుకునే నడక. వేడి నీళ్ళు పడితేగానీ ఆ కాలు కదలదు. హీటర్ స్విచ్ చూస్తే గోడకి బాగా పైన. ఆవిడకి అందదు. బావేమో కింద కాఫీ షాపులో కూర్చుంటే లోకం మర్చిపోతాడు. పైకి వచ్చేసరికి నీళ్ళు చల్లగా, చెల్లి మొహం వేడిగా ఉండేవి.

అందుకని వైఫై థర్మోస్టాట్ పెడతానన్నాడు. కింద కాఫీ తాగుతూ ఫోన్ నొక్కితే పైన నీళ్ళు కాగాలట.

నన్ను అడగకుండా ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాడు. అద్దంలా మెరిసిపోతోంది.

"సూడు బావా, ఎంత సోకుగా ఉందో!"

"సోకు సంగతి తర్వాత. ఎన్ని ఆంప్సు?"

"వైఫై ఉంటే ఇంక ఆంప్సు ఎందుకు బావా?"

ఇలాంటివాడితో ఏం మాట్లాడతాం? నేనే వెనక్కి తిప్పి చదువుకున్నాను. ఆంప్సు సరిపోయాయి. మెయిన్ ఆపి బిగించాను.

మర్నాడు చెల్లి ఫోన్. "అన్నయ్యా, మీ మిషను నీళ్ళు కాసట్లేదు. మీ బావ ఇందాకటి నుంచీ ఫోన్ పొడుస్తూనే ఉన్నారు."

వెళ్ళి చూశాను. నా వైరింగ్‌లో తప్పు లేదు. అది చలిదేశాల్లో ఇల్లు వెచ్చబెట్టడానికి చేసిన వస్తువు. ట్యాంకులో నీళ్ళ సంగతి దానికి తెలియదు, గదిలో గాలి ఎంత వేడిగా ఉందో చూసుకుంటుంది. సింగపూర్‌లో గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? ఇల్లు వెచ్చగానే ఉంది కదా అని అది హాయిగా ఊరుకుంది.

"అలామక్!" అన్నాడు బావ, మలయ్‌లో అయ్యబాబోయ్ అని. కాసేపు ఆలోచించాడు. "అయితే దానికి ఎదురుగా ఎయిర్‌కాన్ పెడితే?"

నవ్వులాటకి కాదు. నిజంగానే అడిగాడు.

చెల్లి వాకర్ పట్టుకుని పడీ పడీ నవ్వింది. పడిపోయిన తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు. బావ నా వైపు చూసి కన్ను కొట్టాడు.

రెండోది నేను వెంట వెళ్ళి కొనిపించాను. హీటర్ కోసమే చేసింది. ట్యాంకు వేడి తెలుసుకోవడానికి దానికి వేరే వైరు ఉంటుంది.

"నల్లగా, లావుగా, అచ్చం నీలాగే ఉంది బావా" అన్నాడు.

అదే బిగించాను. సాయంత్రం చెల్లి స్నానం వేళకి నీళ్ళు వాటంతటవే కాగేలా వాడు ఫోన్‌లో టైమ్ పెట్టాడు. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ చెప్పలేదు. "ఈ ఇంట్లో నా మాట వినేది ఇదొక్కటే, దాన్నీ లాక్కుంటారా?" అనేవాడు.

ఈరోజు మధ్యాహ్నం వాణ్ణి తీసుకెళ్ళాం. పని ముగించుకుని తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. ఏదీ ముట్టుకోకుండా తలస్నానం చెయ్యాలి కదా. చావు స్నానం చన్నీళ్ళతోనే అని ఎవరూ హీటర్ వెయ్యలేదు. పెద్దవాణ్ణని ముందు నన్ను వెళ్ళమన్నారు.

కుళాయి తిప్పాను.

నెత్తి మీద వేడి నీళ్ళు పడ్డాయి.

చెల్లి స్నానం వేళ అది. వాడు పోయాడని దానికెవరు చెప్తారు?

ఎంతసేపు అలా నిలబడ్డానో. బయట జనం తలుపు కొట్టారు.

బట్టలు మార్చుకున్నాక లలిత వచ్చింది. "అంకుల్, నాన్న ఫోన్ లాక్ అయి ఉంది. పాస్‌వర్డ్ తెలీదు. ఈ హీటర్ థర్మోస్టాట్ రీసెట్ చేసి నా ఫోన్‌లో పెట్టండి. పుంగ్గోల్‌లో మా ఇంటి నుంచి నేనే అమ్మకి ఆన్ చేస్తా."

పిల్ల చెప్పింది న్యాయమే. బటన్ నొక్కి పట్టుకుంటే చాలు. పాతదంతా పోతుంది. బటన్ మీద వేలు పెట్టాను.

వెనక నుంచి చెల్లి అడిగింది. "అన్నయ్యా, నొక్కితే ఆయన పెట్టింది పోద్దా?"

"పోద్దమ్మా."

వద్దనలేదు. నొక్కమనీ అనలేదు. వాకర్ పట్టుకుని దాని ఎర్ర లైటు వైపు చూస్తూ నిలబడింది.

షిప్‌యార్డ్‌లో ఎంతెంత పెద్ద కేబుళ్ళో కోసిన చేతులివి. ఒక్క చిన్న బటన్ నొక్కలేకపోయాను. నొక్కనని చెప్పడానికీ నోరు రాలేదు. రేపు చూద్దాంలే అని ఇంటికి వచ్చేశాను.

రేపు సాయంత్రం కూడా అది వెలుగుతుంది. ఎల్లుండీ వెలుగుతుంది. ఎప్పుడో ఒకరోజు నొక్కాలి. బిగించినవాణ్ణి నేనే కాబట్టి నన్నే పిలుస్తారు. ఆ రోజు ఏం చేస్తానో నాకు తెలియదు.

బావా, నీ నీళ్ళు అందాయి. బాగా కాగాయి.

చెల్లిని చూసుకుంటాం. నువ్వింక చల్లగా పడుకో.