అత్తయ్య సింకు మీద పడ్డ నింద

మా అత్తయ్య తెరచాప పడవలో వంట చేస్తుంది. పడవ నడిపేది ఆమె భర్త. రేవులో అందరూ ఆయన్ని సరంగు అంటారు. నేను మామయ్య అంటాను, ఒళ్ళు మండినప్పుడు ఏమీ అనను. సెలవు రోజుల్లో జనాన్ని ఎక్కించుకుని పొద్దున బయలుదేరతారు, మధ్యాహ్నం భోజనం పెట్టి సాయంత్రానికి వెనక్కి తెస్తారు. టిక్కెట్లు చూడటం, పళ్ళాలు అందించడం నా పని.

ఆ వంటగదిలో ఇద్దరుంటే మూడోవారు ఊపిరి బయట పీల్చుకోవాలి. పొయ్యి, దాని పక్కన చిన్న సింకు, తలకు తగిలే అలమర, అంతే. పెళ్ళయి పడవ ఎక్కిన మొదటి ఏడాది అత్తయ్య పొయ్యి పక్కన బకెట్ కట్టుకుని, వాంతులు చేసుకుంటూనే వండిందట. అలా సంపాదించుకున్న వంటగది అది. అందుకే సింకు విషయంలో అంత చాదస్తం. ప్రతి పళ్ళాన్నీ ముందు కాగితంతో తుడవాలి, తర్వాతే నీళ్ళు. నూనె చుక్క కూడా సింకులో పడకూడదు. ఒకసారి టీ పొడి పారబోసి నేను తిన్న తిట్లు ఇంకా అరగలేదు.

అలాంటి మనిషి సింకు ఒకరోజు నీళ్ళు దిగక ఆగిపోయింది. పడవ ఒక పక్కకు ఒరిగితే నీళ్ళు కాస్త దిగేవి, నిటారుగా ఉంటే పళ్ళాలు మురికినీళ్ళలో తేలేవి. వేడినీళ్ళు పోసినా లాభం లేకపోయింది. భోజనం ఆలస్యమైంది. ఎందుకని ఎవరో అడిగితే, మామయ్య చుక్కాని పట్టుకుని అందరికీ వినబడేలా అన్నాడు.

"మా ఆవిడ వంట ఇన్నేళ్ళు తిని తిని, పాపం, పడవకే అజీర్తి చేసింది."

పడవంతా ఘొల్లుమంది. అత్తయ్య కింద నుంచి వింది. వడ్డన ఆగలేదు, వంటలో ఉప్పు తగ్గలేదు. ఒడ్డుకు చేరాక మాత్రం నన్ను పిలిచింది. "మీ మామయ్యతో చెప్పు. నెలాఖరు దాకా వండుతాను. తర్వాత అజీర్తి చెయ్యని మనిషిని వెతుక్కోమను." మామయ్య నా పక్కనే ఉన్నాడు.

అలక అనుకున్నాను. కాదు. ఆమెకు ఈ లోకంలో పరువంటూ ఉన్నది ఆ చేతివంట వల్లే, దాన్నే నలుగురిలో నవ్వులపాలు చేశాడు. ఆమె అన్నంత పనీ చేస్తుందని మా ఇద్దరికీ తెలుసు.

మర్నాడు సింకు విప్పడానికి కూర్చుంది. సింకు గొట్టం పడవ అడుగున ఉన్న చిల్లులోంచి సముద్రంలోకి పోతుంది. చిల్లు దగ్గర వాల్వు ఉంటుంది. అది మూయకుండా గొట్టం పీకితే సముద్రం వంటగదిలోకి వస్తుంది. అందుకని మూసినవాళ్ళు పైకి చెప్పాలి, విన్నాకే రెండోవాళ్ళు గొట్టం ముట్టుకోవాలి. మాటల్లేని మొగుడూ పెళ్ళాలు చేసే పని కాదది. మామయ్య వాల్వు తిప్పి "మూశాను" అన్నాడు. అత్తయ్య నావైపు చూసింది. "మూశారట" అన్నాను.

గొట్టం ఊడదీసి వెలుతురుకు పెట్టింది. అటునుంచి ఇటు శుభ్రంగా కనబడింది. నోటితో ఊదితే గాలి ఆడింది. బకెట్ పెట్టి, నా ద్వారానే, వాల్వు తెరవమంది. సముద్రం ఎగదన్నాల్సిన చోట నూలుపోగంత ధార వచ్చింది. అత్తయ్య ఆ ధారను చూసింది, తర్వాత మామయ్యను చూసింది. అడ్డం లోపల లేదు, బయట చిల్లు మూతి దగ్గరుంది. పడవ అడుగున పెరిగే గుల్లల్ని నీళ్ళలో మునిగి గోకాల్సింది మామయ్య.

ఇనుపకడ్డీ దూర్చి గట్టిగా పొడిచింది. ఏదో పెళుసుగా విరిగింది. గుల్ల ముక్కలు బకెట్లో పడ్డాయి, వెనకే నీళ్ళు ఉరికాయి. మామయ్య వాల్వు మూసేసరికి ముగ్గురం తడిసి ముద్దయ్యాం.

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. కుడిభుజం లేవడం లేదని, కొన్నాళ్ళుగా చేతికి అందినంత మేర పైపైన గోకి వస్తున్నానని, చెబితే అత్తయ్య పడవ మానెయ్యమంటుందని భయపడ్డానని చెప్పుకొచ్చాడు. సింకు ఆగగానే ఆయనకు అనుమానం వచ్చిందట. అది తన మీదికి రాకుండా ఆ జోకు వేశాడట. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

"తప్పు నాదే" అన్నాడు.

"అన్నది నలుగురిలో. ఒప్పుకునేది గొట్టాల మధ్యనా?" అంది అత్తయ్య.

తర్వాతి ప్రయాణంలో, భోజనాలకు ముందు, మామయ్య టోపీ తీసి అందరికీ చెప్పాడు. సింకు ఆగింది తను పడవ అడుగు గోకకపోవడం వల్లేనని, వంట వల్ల కాదని. వాళ్ళకు ఏమీ అర్థంకాక మర్యాదకు తలలూపారు. అత్తయ్య మెత్తబడలేదు. ఆ జోకు విన్నవాళ్ళు వీళ్ళు కారనీ, వాళ్ళు నవ్వుకుంటూ ఇళ్ళకు వెళ్ళిపోయారనీ నాతో అంది. ఆలోచిస్తే నిజమే. నలుగురిలో ఒక మాట అనేశాక ఆ నలుగురూ తలో దారిన పోతారు. మళ్ళీ ఎక్కడని పోగుచేస్తాం?

అయినా మామయ్య మానలేదు. ప్రతి ప్రయాణంలోనూ చెప్పాడు. తినబోయే ముందు సింకు గొడవేమిటని కొందరు మొహం చిట్లించారు. ఈలోపు కొత్త వంటమనిషి వచ్చి పొయ్యి చూసి వెళ్ళాడు.

నెలాఖరు ప్రయాణంలో ఒక జంట ఎక్కారు. ఆ రోజు నవ్విన వాళ్ళలో ఈ ఇద్దరూ ఉన్నారు. ఆ సంగతి మామయ్య చెవిన వేశాను. ఆయన వాళ్ళ ముందు నిలబడి మొదటినుంచీ చెప్పాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏ మాటండీ? మాకేం గుర్తులేదే" అన్నాడు భర్త. "చేపలు బాగుంటాయని మళ్ళీ వచ్చాం."

అత్తయ్య పళ్ళాలతో మెట్ల మీదే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆమెను నిద్రపోనివ్వని మాట, నవ్వినవాళ్ళకే గుర్తులేదు.

"నాకు గుర్తుంది" అంది మెల్లగా.

"నాకూ ఉంది" అన్నాడు మామయ్య.

 అత్తయ్య పళ్ళాలు నా చేతికిచ్చింది.

"మనిషిని వెతకమన్నాను కదా" అంది ఆయనతో. "వంటకి వద్దు. అడుగు గోకడానికి చూడు."