కరోల్ బాగ్ మేడమీద సంజీవని

ముందే ఒప్పుకుంటున్నాను: నేను చీమను చూస్తే ఏనుగని చెబుతాను. మా ఇంట్లో నా మాటను సగానికి కోసి వింటారు. మీరూ కోసుకోండి.

కొత్త శతాబ్దం మొదట్లో నన్ను ఢిల్లీకి బదిలీ చేశారు. అమ్మాయి చదువు పాడవుతుందని, తనూ వాళ్లమ్మా కాకినాడలోనే ఉండిపోయారు. నేను కరోల్ బాగ్‌లో మేడమీది ఒంటిగదిలో చేరాను. కాళ్లు చాపితే హర్యానాలోకి పోయేవి. మే నెలలో బకెట్టులో నీళ్లు కాఫీకి పనికొచ్చేవి.

ఒక మంగళవారం హనుమాన్ గుడి బయట, ఎండిన పిడికిలి లాంటి గోధుమరంగు ఉండను కొన్నాను. "సంజీవని, సాబ్. సీధా హిమాలయ్ సే," అన్నాడు అమ్మేవాడు.

నేను డిగ్రీలో బాటనీ వెలగబెట్టినవాణ్ణి. అది హిమాలయాలది కాదు. వింధ్య కొండల్లోనూ, మన తూర్పు కనుమల్లోనూ మట్టి నిలవని రాళ్లను పట్టుకుని బతుకుతుంది. చూడ్డానికి నాచులా ఉంటుంది గానీ ఫెర్నులకు చుట్టం. పువ్వు లేదు, విత్తనం లేదు. దుమ్ములాంటి సిద్ధబీజాలతోనే వ్యాపిస్తుంది. వాన పోతే పొలుసుల్లాంటి ఆకులున్న కొమ్మలన్నీ లోపలికి ముడుచుకుని, చచ్చినట్టు నెలల తరబడి పడుంటుంది. నీళ్లు తగిలితే లేస్తుంది.

స్టీలు గిన్నెలో నీళ్లు పోసి పెట్టాను. తెల్లారేసరికి గిన్నె అంచులు దాటి విచ్చుకుంది. పచ్చదనానికి గది గోడలు కూడా రంగు మారాయి. ఇది ఎవరికైనా చూపించకపోతే నేనే ముడుచుకుపోయేలా ఉన్నాను. ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి ఇంటికి ఫోన్ చేశాను.

మా ఆవిడ అంతా వింది. "సరే గానీ, అన్నం తిన్నారా?" అంది.

అప్పటినుంచీ ఆదివారాలు ఒక పద్ధతి పెట్టుకున్నాను. వారమంతా దాన్ని కూలర్ మీద ఎండబెట్టడం, ఆదివారం పొద్దున్నే నీళ్లలో వేసి, రెండు గ్లాసుల టీ పెట్టడం. కింది వాటాలోని ఇంటి ఓనరు ఆంటీ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చేది. కుర్చీలో కూర్చుని, టీ ఊదుకుంటూ, ఒక్కో కొమ్మ విప్పుకోవడం చూసేది. "అచ్ఛా, భాయ్‌సాబ్, యే తో జిందా హై," అనేది. బతికే ఉందే, అని. నన్ను కూడా కలిపే అన్నట్టుండేది.

ఇక కోసుకోవలసింది ఎక్కడో చెబుతాను. మొక్క గురించి చెప్పింది నిజమే. గోడల రంగు ఒక్కటీ కాస్త తగ్గించుకోండి. ఆంటీ మాత్రం ఎన్నడూ మేడెక్కలేదు. మోటారు కట్టెయ్యమని కింది నుంచే కేకేసేది.

రెండు గ్లాసుల టీ నిజం. రెండూ నేనే తాగేవాణ్ణి.