మేస్త్రి వద్దన్న ఇసుక

మాదాపూర్ల అప్పుడు ఆఫీసుల కంటే బండలే ఎక్కువ. మా ఆయన ప్లాస్టరింగు మేస్త్రి. కడుతున్న అపార్టుమెంటు పక్కనే మా రేకుల గది. ఎదురింట్ల నేను వంట చేసేదాన్ని. ఆ ఇంటమ్మ కాకినాడ దిక్కు పిల్ల, నాకంటే పదేండ్లు చిన్నది, నన్ను అక్కా అనేది. వాళ్ల సారు పొద్దున కంప్యూటర్ల ఆఫీసుకు పోతే చీకటి పడ్డంకనే వచ్చుడు. ఆమెకు పొద్దు పోవాలని అద్దాల తొట్టి, నాలుగు చేపలు తెచ్చిపెట్టిండు.

అవి అన్ని చేపల లెక్క గావు. అడుగున మూతి గుచ్చి, నోటి నిండ ఇసుక తీసుకొని, తినేది ఉంచుకొని, ఇసుకను చెంపల పక్కకెల్లి విడిచిపెట్టే జాతి. మేం బియ్యం గాలించినట్టే. కానీ దుకాణపాయన తొట్టిల పోసిచ్చినయి శనగగింజంత రంగురాళ్లు. చేప రాయిని నోట్లకు తీసుకునుడు, ఉమ్మేసుడు. మేత రాళ్ల సందుల పడి కుళ్లేది. వారం తిరిగేసరికి నీళ్లు వాసన పట్టినయి, పెద్ద చేపకు మూతి మీద ఎర్రగ పుండయింది. అది మూలకు పోయి నిలబడ్డది. నాలుగు రోజులు ఏం ముట్టలే.

"దీన్ని ఆదివారం చందానగర్ తీసుకెళ్లి కొట్టువాడికి తిరిగిచ్చేద్దామంటున్నారక్కా," అన్నది ఇంటమ్మ. "పగలంతా నేను మాట్లాడేది దీంతోనే." అని మొఖం అటు తిప్పుకున్నది.

"వాటికి కావాల్సింది ఇసుకే గదమ్మా, మాకు కరువా," అన్న.

మా ఆయనకు చెప్తే నవ్విండు. "చేపలకు గూడ ప్లాస్టరింగు చెయ్యాల్నా ఏందే." నవ్విండు గానీ, మరునాడు తట్ట నిండ తెచ్చిండు. ఏరి తెచ్చినట్టు మెరుస్తున్నది.

"నంబర్ వన్ సరుకు. చేత్తోని నలిపి చూడు, ఎట్ల గుచ్చుతదో. గట్ల గుచ్చితేనే సిమెంటును పట్టుకుంటది."

నేను చిటికెడు తీసి కడిగి నోట్లేసుకున్న. నాలుకతోని అటు తిప్పిన, ఇటు తిప్పిన. చిగుర్లకు గీరుకున్నది.

"పిచ్చిగిట్ల లేసిందా నీకు?"

"అవి తినేది నోటితోని. చేత్తోని చూస్తే ఏం తెలుస్తది?"

"ఇన్ని గోడలు లేపినోన్ని, నాకే ఇసుక నేర్పుతవా."

"గోడలు లేపినవు. చేపలను సాదినవా?"

సైటు వెనుక ఒక కుప్ప ఉండె. ఏదో వాగు ఇసుక, సన్నగ, గుండ్రంగ, వేళ్ల సందులకెల్లి నీళ్ల లెక్క జారేది. పట్టు లేదని ఆయనే లారీవానితోని కొట్లాడి పక్కకు పోయించిండు. సిమెంటు తగలని దిక్కుకెల్లి పిడికెడు తీసి, కడిగి, చూసిన. నోట్ల ఉన్నట్టే తెల్వలే. ఆయనను పిలిచి అరచేతిల జర పెట్టిన. చుట్టూ చూసిండు, ఎవ్వరూ లేరనుకున్నంక నోట్లేసుకున్నడు. చానాసేపు తిప్పి, పక్కకు ఉమ్మి, "చెడ్డ ఇసుక," అన్నడు. ఆగి, "ఉండు, జల్లెడ తెస్త," అన్నడు.

ఇద్దరం జల్లించినం. నేను బిందెల పోసి బియ్యం కడిగినట్టు కడుగుతనే ఉన్న. ఎనిమిదో సారికో తొమ్మిదో సారికో నీళ్లు తేటగ వచ్చినయి. ఇంటమ్మ పాత నీళ్లు సగం బకెట్ల ఉంచి, చేపలను దాంట్లకు పట్టి, రంగురాళ్లన్ని ఎత్తిపోసింది. రెండు వేళ్ల మందం ఇసుక పరిచినం. మా ఆయన చేపల దిక్కు చూడనట్టే ఉండి, అరచేతితోని ఆ మూలకెల్లి ఈ మూల దాక సాపు చేసిండు.

నీళ్లు పోసి చేపలను విడిచినంక, చిన్నయి మూడు వెంటనే మొదలుపెట్టినయి. చెంపల పక్కకెల్లి ఇసుక పొగ లెక్క రాలుతుంటే ఇంటమ్మకు నవ్వాగలే. పెద్దది మాత్రం మూలకే. ఆ రోజు అంతే, మరునాడు అంతే.

శనివారం నేను బెండకాయలు కోస్తున్న. "అక్కా, రా," అని ఇంటమ్మ సన్నగ పిలిచింది. పోయి చూస్తే పెద్ద చేప వంగింది. మూతి ఇసుకల మునిగింది. లేచి నోరు ఆడించింది, చెంపలకెల్లి ఇసుక జారింది. మల్ల వంగింది.

ఇంటమ్మ తొట్టి మీదికెల్లి కండ్లు తీయకుండనే ఫోను అందుకున్నది. "ఏమండీ, రేపు చందానగర్ వెళ్లక్కర్లేదు," అన్నది. అటు దిక్కు సారు ఏమడిగిండో ఏమో, "అదంతా ఇంటికొచ్చాక చెప్తానండి. ఇప్పుడది తింటోంది, చూడనివ్వండి," అని పెట్టేసింది.