మైకులో చెప్పని ఆస్పత్రి

మరియమాత పండగనాడు, మైకు ముందు నిలబడి నేనొక అబద్ధం చెప్పాను. చాలా ఏళ్ళయింది. అప్పటినుంచీ దాన్ని మోస్తూనే ఉన్నాను. నన్ను చూస్తే అలా అనిపించదు. పెళ్ళిళ్ళలో నా పక్కన కూర్చోవడానికి జనం చోటు పట్టుకుంటారు. నవ్వించేవాడి జేబులు ఎవరూ తడమరు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది మార్కాపురం పక్కన పల్లె. నాయన పలకల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. తాతల కాలం నుంచీ కతోలికులం. నేను డిగ్రీ కాలేజీ కబడ్డీ జట్టులో కూతకు వెళ్ళేవాణ్ణి. గిద్దలూరు నుంచి దోర్నాల దాకా ఎక్కడ పోటీలు జరిగినా నా కాళ్ళు నాకంటే ఎక్కువ పేరు తెచ్చుకునేవి. ప్రతి కూతకు ముందూ సిలువ గుర్తు వేసుకునేవాణ్ణి. కొంత భక్తి, కొంత చూసేవాళ్ళ కోసం. ఏది ఎంతో అప్పట్లో ఆలోచించలేదు.

ఒక ఉదయం ప్రాక్టీసులో పాదాలు తిమ్మిరెక్కాయి. చీమలు పాకుతున్నట్టుంది. గీత దాటి నాలుగడుగులు వేశానో లేదో కూలబడ్డాను. "లెయ్‌రా, నాటకాలు సాలు," అని మావాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. లేవలేకపోయాను. సాయంత్రానికి నడుము దాకా చచ్చుబడింది. మర్నాటికి చేతులు. ఒంటిని కాపాడాల్సిన బలగమే పొరబడి సొంత నరాల మీద పడిందని గుంటూరు ఆస్పత్రిలో డాక్టరు వివరించారు. కాలేజీ ఎన్నికలు చూసినవాణ్ణి కాబట్టి సులభంగానే అర్థమైంది. ఆలస్యం చేసుంటే ఊపిరి కూడా ఆగేదన్నారు. సెలైనులో ఏదో మందు రోజుల తరబడి ఎక్కించారు. జబ్బు అక్కడితో ఆగింది. తరవాత నెలల తరబడి ఫిజియోథెరపీ ఆయన నా కాళ్ళను వంచాడు, చాచాడు, నన్ను తిట్టాడు. చివరికి నడిచాను.

మరి దేవుడు లేడా అంటారా? ఉన్నాడు. అదే నా బాధ. అమ్మ నా అరచేతిలో జపమాల పెట్టి వేళ్ళు మూసేది. అది ఉందో జారిందో కూడా నాకు తెలిసేది కాదు. పైకప్పు చూస్తూ మరియమాతతో పోట్లాడేవాణ్ణి. ఒకరోజు బొటనవేలి కింద ఒక పూస తగిలింది. గరుకుగా. ఏడ్చేశాను. అది మందు పనా, తల్లి దయా అన్న ప్రశ్నే ఆ క్షణంలో రాలేదు. నిజంగా నేను సాక్ష్యం చెప్పాల్సింది ఏదైనా ఉంటే అది ఆ పూస గురించే. కానీ ఒక్క పూస మైకుకు సరిపోదనుకున్నాను.

పండగకు నిలువెత్తు కొవ్వొత్తి మొక్కు తీర్చుకున్నాను. మా దగ్గర మనిషి ఎత్తు కొలిచి మరీ చేయిస్తారు. పూజ అయ్యాక, మరియమాత గుహ ముందున్న మైదానంలో బాగుపడినవాళ్ళు మైకు దగ్గరికి వెళ్ళి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. "క్లుప్తంగా చెప్పు. డాక్టర్లను మరిచిపోవద్దు," అన్నారు ఫాదర్. మరిచిపోలేదు. తీసేశాను. జోకులు చెప్పేవాడికి కథను ఎక్కడ కత్తిరిస్తే జనం ఊగిపోతారో తెలుస్తుంది. సెలైను, మందు, నెలల తరబడి తిట్లు మధ్యలో వస్తే కథ కుంటుతుంది. నేనేమో కుంటడం తగ్గినవాణ్ణి. అందుకని ఇలా చెప్పాను: డాక్టర్లు చేతులెత్తేశారు, అమ్మ ఈ గుహ దగ్గరి నీళ్ళు తెచ్చి కాళ్ళకు రాసింది, నేను లేచాను. మైదానమంతా అల్లెలూయా అంది. ఏ కూతకూ నాకు అన్ని చప్పట్లు పడలేదు.

మెట్లు దిగుతుంటే ఒకామె ఎదురొచ్చింది. కొనకనమిట్ల వైపు, గొర్రెలు కాచుకునే కుటుంబం. క్రైస్తవులు కారు, కానీ ఆ పండగకు అందరూ వస్తారు. చంకలో కూతురు. చంకనెత్తుకునే వయసు కాదు, బడికి పోయే పిల్ల.

"నాయనా, నిన్నటి నుంచి పిల్ల నిలబళ్ళేకుండా ఉంది. పాదాల్లో సీమలు పాకినట్టుందంట. ఈ పొద్దే గుంటూరు తీస్కపొమ్మన్నాడు డాక్టరు. వాళ్ళ నాయనేమో గొర్లతోటి అడివిలో ఉన్నాడు."

పిల్ల పాదాలు చూశాను. వేలాడుతున్నాయి. అవి నా పాదాలే.

"అన్నా, నువ్వు మళ్ళా కబడ్డీ ఆడతావా?" అంది పిల్ల.

"ఆడతా. నువ్వొచ్చి విజిలు ఊదాల," అన్నాను. నవ్వింది.

"నిజం జెప్పు నాయనా," అంది తల్లి. "సూదిమందులేమన్నా ఏసినారా నీకు? లేకుంటే ఒట్టి ఈ తల్లేనా?"

చుట్టూ జనం. కొందరు వంగి నా కాళ్ళు తాకుతున్నారు. ఒక్క మాట చాలు. ఏసినారమ్మా, ఇప్పుడే పో.

"ఒట్టి తల్లేనమ్మా," అన్నాను.

"అట్లయితే ఈడ్నే ఉంటాం," అంది. పిల్లను తీసుకెళ్ళి గుహ ముందు పడుకోబెట్టింది.

నేను ఇంటికెళ్ళి పండగ భోజనం చేశాను. కూర మళ్ళీ అడిగి వేయించుకున్నాను. సాయంత్రం ఒకసారి వెళ్ళి ఆమె చెవిలో చెప్పి ఉండొచ్చు కదా? ఎవరూ వినేవారు కాదు. నా పరువు కూడా పోయేది కాదు. ఎందుకు వెళ్ళలేదు? ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, మర్యాదగా చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ దొరకలేదు. మర్నాడు పిల్లకు ఊపిరి అందలేదట. అప్పుడు కారెక్కించారు. గుంటూరు చేరలేదు. కురిచేడు దాటకముందే పోయింది.

వేళకు మందు పడినా బతికేదో లేదో చెప్పలేం. ఈ వాక్యం నాకు చాలాసార్లు పనికొచ్చింది. ఇప్పుడు పనిచేయడం మానేసింది.

పాపసంకీర్తనంలో ఫాదర్ ముందు చెప్పాను, ఒక రకంగా. "అబద్ధమాడాను ఫాదర్," అన్నాను. దాని వల్ల ఎవరికైనా నష్టం జరిగిందా అని అడిగారు. "చెప్పలేను," అన్నాను. అది మాత్రం నిజం. కాసిన్ని జపాలు చెప్పుకోమన్నారు. చెప్పుకున్నాను. అప్పటినుంచి ప్రతి ఆదివారం పూజకు వెళ్తాను కానీ, పాపం దాచుకున్నవాడు తీసుకోకూడదు కాబట్టి, సత్ప్రసాదం వరసలో నిలబడను. మోకాలి నొప్పి అంటాను. బాగుపడిన కాళ్ళకు ఆ మాత్రం ఉపయోగం ఉంది.

ఆమె ఏటా పండగకు వస్తుంది. పిల్లంత ఎత్తు కొవ్వొత్తి తెస్తుంది. ఆ ఎత్తు పెరగదు. వెలిగించాక నన్ను వెతుక్కుంటూ వచ్చి నా తల నిమురుతుంది. "నాకు నమ్మకం సాల్లేదు నాయనా. నీ మాదిరి నమ్మింటే నా బిడ్డ లేసుండేది," అంటుంది. నేను తల వంచుకుంటాను. చూసినవాళ్ళు దాన్ని వినయం అంటారు.

ఆమె నమ్మకంలో లోటు లేదు. ఆ మైదానంలో పూర్తిగా నమ్మింది ఆమె ఒక్కతే. నేను మందు వేయించుకుని నమ్మినవాణ్ణి. ఈ మాట ఆమెకు చెప్పాలి. ఆమెకు చెప్పకుండా మీకు చెబుతున్నాను. ఆమెకు చదువు రాదు. అది తెలిసే రాస్తున్నానా? అవుననే అనుకుంటున్నాను.

క్షమించమని అడగడం లేదు. అది మీ పని కాదు. దేవుడిదే అయితే, ఆయన ఇంకా ఏమీ అనలేదు. నేనూ గట్టిగా అడగలేదు. ఇంతవరకు రాసి కలం పక్కన పెట్టాను. ఛాతీలో కాస్త గాలి ఆడుతోంది. అది నాకు దక్కాల్సింది కాదు.