చౌడు చేలో పడమటి గట్టు

ఉద్యోగ విరమణకు నాలుగేళ్ల ముందు, కార్తీకంలో, నన్ను కంబదూరు దగ్గర ఒక గోధుమ ప్రయోగానికి బాధ్యుణ్ణి చేశారు. హోదా సీనియర్ శాస్త్రవేత్త. పని, చౌడును తట్టుకునే రకాలను ఎంచడం. గోధుమ ఇక్కడి పంట కాదు. చౌడు మాత్రం అచ్చంగా ఇక్కడిదే: ఎండితే రాయి, తడిస్తే జిగురు.

తిప్పేస్వామి అనే రైతు బోరు కింది రెండెకరాల్లో ఒక మూల మాకిచ్చాడు. ఈ యేడు ఎరువేమైనా వేశావా అని అడిగితే లేదన్నాడు. ముప్పై రకాలు, ఒక్కొక్కటి రెండు మడుల్లో వేశాం. ఎత్తు, పిలకలు, గింజ బరువు కొలిచి, తేడాల్లో విత్తనం వాటా ఎంత, నేల వాటా ఎంత అని తేల్చాలి. విత్తనం వాటాను అనువంశికత అంటాం. మా నాయన బట్టతల నాకు పూర్తిగా వచ్చింది, జాగ్రత్త రాలేదు.

రెండో విడత మడుల్లో వేసేటప్పుడు చీట్లు తీసి రకాల వరుస మార్చాలి. అది నియమం. పైఅధికారులు వస్తే పేర్లు చదవడం సులువని నేను అదే వరుస ఉంచాను. దాంతో మొదటి ఐదు రకాలూ రెండుసార్లూ పడమటి గట్టు పక్కనే పడ్డాయి. అవే ఏపుగా పెరిగాయి. మిగతావి పాలిపోయి కుంగాయి. అనువంశికత చాలా ఎక్కువని లెక్క తేలింది, నివేదికలో అదే రాశాను. నేనూ కాస్త ఎత్తు పెరిగాను.

"ఆ విత్తనం ఇయ్యండి సార్, వచ్చే యేడు రాగి మాని చేనంతా ఇదే ఏస్తా," అన్నాడు తిప్పేస్వామి.

అతని భార్య ఎంగటమ్మ అడ్డుపడింది. "చౌడైనా రాగులు ఇంట్లోకి వస్తాండాయి. ముందు నాలుగు సాళ్లేసి చూస్తే ఏం పోతాది? పంట పోతే సారు వచ్చి మన పొయ్యి ఎలిగిస్తాడా?"

నేను నవ్వి, చేనుకు సరిపడా విత్తనం తెప్పించి ఇచ్చాను.

మరుసటి ఏడు గట్టు పక్క సాళ్లు తప్ప చేనంతా మొలకలోనే మాడిపోయింది. గట్టు దగ్గర ఏం వేశావని అప్పుడడిగాను.

"మీ ప్రయోగానికి ముందటేడు ఆడ గొర్రెల మంద నిలబెట్టినాం గదా సార్. రెండు నెల్లు ఆన్నే ఉండె."

"మరి ఎరువు వేయలేదన్నావే?"

"ఈ యేడు ఏసినావా అంటిరి. ఏయలేదంటి. ముందటేడు సంగతి అడిగింటే చెప్పనా?"

ఆ యేడు తిప్పేస్వామి, ఎంగటమ్మల ఇంట్లో రాగులు లేవు. ఆ వేసవిలో ఇద్దరూ బెంగళూరు కట్టడం పనులకు పోయారు. నా నివేదిక తప్పని పైఅధికారులకు నేనే ఉత్తరం రాశాను. చీట్లు తీయడానికి అరగంట పట్టేది.

తరువాత నా కింద చేరినవాళ్లకు రెండు సంగతులు చెప్పేవాణ్ణి. వరుస మార్చండి. రైతుకు మొదట నాలుగు సాళ్లకే విత్తనం ఇవ్వండి. మొదటిది పుస్తకంలో ఉంది. రెండోది ఎంగటమ్మ చెప్పింది.